వెనకింట్లో మల్లి

2024 మార్చి 24, ఆదివారం

ఇవ్వాళ పంజరం అటకెక్కింది. మరిది కుందేలుతో పాటు కొనుక్కొచ్చిన ఇనుప జాలి డబ్బా అది. అడుగున గూడ జాలే. పెంటికలు కిందికి రాలిపోతయి, కడిగే పని ఉండదని అమ్మినాయన చెప్పిండట. మనకు పని ఉండదు, నిజమే. కుందేలుకు మాత్రం ఉంటది. కుక్కకు, పిల్లికి ఉన్నట్టు దీని అరికాలుకు మెత్తటి కండ లేదు, వట్టి బొచ్చే. ఆ బొచ్చు తీగ మీద అరిగిపోతే చర్మం తేలి పుండు పడతది. వెనక కాళ్ళు తిప్పి చూసిన. మడిమెల దగ్గర అప్పుడే ఎర్రబడ్డది.

చెవులు పట్టి ఎత్తుడు గూడ ఇంట్ల బంద్ చేయించిన. అమ్మినాయన అట్లనే ఎత్తి ఇచ్చిండట, బిడ్డ గూడ అట్లనే పట్టుకోబోయింది. ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి పిర్రల కింద పెట్టి, మన ఒంటికి ఆనించుకొని ఎత్తాలె. కుందేలు ఒంటి బరువులో ఎముకలు నూటికి 8 వంతులే. వెనక తొడల బలం మాత్రం చెప్పరానిది. గాలిలో వేలాడుతూ భయంతో ఒక్క తన్ను తన్నుకుంటే దాని నడుము అదే విరగ్గొట్టుకుంటది. బడి పిల్లలకు ఎముకలు, కండరాలు చెప్పేటప్పుడు ఈ మాట పనికొస్తది.

కోరుట్ల పశువైద్య కళాశాలలో చదివే మా బడి పాత విద్యార్థికి ఫోన్ చేసిన. "టీచర్, ఒక నోటు పుస్తకం పెట్టుండ్రి. రోజూ మూడు రాయుండ్రి. ఎంత తిన్నది, ఎంత తాగింది, పెంటికలు ఎట్లున్నయి. కుక్క కుయ్యిమంటది, బర్రె అరుస్తది. కుందేలు మాత్రం నొప్పి దాచుకుంటది, కానొస్తే నక్కో గద్దో పట్టుకపోతదని. మీకు తెలిసేసరికి ఆలస్యమైతది" అన్నడు. అందుకే ఈ పుస్తకం. పదో తరగతి పరీక్షల డ్యూటీ నడుస్తున్నది, అయినా రాత్రి పూట నాలుగు ముక్కలు రాయలేనా.

పేరు మల్లి. పేరు పెట్టింది బిడ్డ. తెల్లగ ఉన్నది, ఆడదని చెప్పి ఇచ్చిన్రు.

ఏప్రిల్ 2, మంగళవారం

పరీక్షలు అయిపోయినయి. ఒంటిపూట బడి గనుక మధ్యాహ్నం నుంచి ఇల్లు సర్దిన.

ఎక్కడ ఉంచాలన్నది పెద్ద పంచాయితే అయింది. బిడ్డేమో తన మంచం కిందనే ఉండాలంటది. అత్తమ్మేమో "చెవులపిల్లి ఇంట్లెందుకు బిడ్డా, కోళ్ళ గూట్లెయ్యి" అంటది. మా ఆయన దుబాయ్ నుంచి వీడియో కాల్‌లో "అందరికన్న దానికే పెద్ద గది" అని నవ్వుతడు. ముందరి ఇల్లు స్లాబు ఇల్లు. మే వచ్చిందంటే రాత్రి పదకొండింటికి గూడ గోడలు కాలుతుంటయి. వెనకిల్లు మామయ్య కట్టించిన గూనపెంకుల ఇల్లు. మట్టి గోడలు మూరెడు మందం, కింద షాబాదు బండలు. వడ్ల బస్తాలు, పాత మంచం తప్ప అందులో ఏం లేవు. చల్లదనం చూస్తే అదే నయం. అయితే తలుపేసి మరిచిపోతే అది గూడ పంజరమే అయితది గనుక, వంటింటికి వెనకింటికి మధ్య తలుపు పగలంతా తెరిచే ఉంచాలని ఒప్పందం. మధ్యలో మోకాలెత్తు చెక్క అడ్డం పెట్టిన. మేము దాటుతం, అది దాటదు.

బండ నున్నగ ఉంటే కాళ్ళు జారి తొడలు పట్టేస్తయి. అందుకే సగం గదికి గోనె సంచులు పరిచిన, అంచులు లోపలికి మడిచి కుట్టిన, పీచు నమలకుండ. మిగతా సగం బండ బోసిగనే ఉంచిన, ఎండకాలం పొట్ట ఆనించి పండుకునేందుకు. ఒక మూలకు అట్టపెట్టె బోర్లించి రెండు వైపులా దారులు కోసిన. ఒక్క దారే ఉంటే దాని లెక్కలో అది ఇల్లు కాదు, ఉచ్చు. పిల్లి వస్తే రెండో దిక్కు నుంచి ఉరకాలె గదా.

కరెంటు తీగలది వేరే కథ. ఫ్రిజ్ తీగ, కూలర్ తీగ, ఛార్జర్... ఏది దొరికినా కొరుకుడే. దానికి తీగకు, పొలంలో గడ్డి వేరుకు తేడా తెలువదు, దారికి అడ్డం వచ్చిన వేరును కొరికి తీసేస్తది, అంతే. మా మరిది పాత డ్రిప్పు పైపు ముక్కలు తెచ్చి నిలువునా కోసి తీగలకు తొడిగిండు. అత్తమ్మ బీడీలు చేసే చాటకు మాత్రం జాగ వేరే ఇయ్యాల్సి వచ్చింది. తంబాకు పొడి గాలికి పడ్డా, ఒక చిటికెడు నాకినా నికోటిన్ విషమే. ఇప్పుడు అత్తమ్మ ముందరి అరుగు మీద కూర్చుంటది. "నలభై ఏండ్ల సంది ఈడ్నే కూసున్న, గీ చెవులపిల్లి నన్ను లేపింది" అని వచ్చినోళ్ళందరికి చెప్తది.

తిన్నది బాగ. నీళ్ళు మట్టి మూకుట్ల పెడితే బాగ తాగుతున్నది, గొట్టం సీసా ముట్టలేదు.

ఏప్రిల్ 9, మంగళవారం, ఉగాది

పచ్చడి మనకు. దానికి వేపపువ్వు లేదు, బెల్లం అసలే లేదు.

కోరుట్ల పిలగాడు పండుగకు ఊరికొచ్చి మధ్యాహ్నం ఇంటికొచ్చిండు. మల్లిని ఒళ్ళో వెల్లకిల పండబెట్టి చూసి, "టీచర్, మల్లి ఆడది కాదు, మొగది" అన్నడు. బిడ్డ మొఖం చిన్నబోయింది. కాసేపటికి "అయినా మల్లే" అన్నది. మల్లేశం అని పెట్టుకుందామని మరిది అన్నడు గాని ఎవ్వరూ వినలేదు.

పళ్ళు గూడ చూపించిండు. పై పెదవి చీలిక కింద ముందు రెండు పళ్ళు అందరికీ కనబడతయి. వాటి వెనక సన్నటి జంట ఇంకొకటి ఉన్నది, గుండుసూది తలకాయంత. ఆ రెండో జంట ఉన్నందుకే కుందేలు ఎలుకల జాతి కిందికి రాదు, దాని వర్గం వేరు. మొత్తం 28 పళ్ళు, అన్నీ బతికినన్ని రోజులు పెరిగేవే. ముందు పళ్ళయితే వారానికి రెండు మిల్లీమీటర్ల పైనే పెరుగుతయట. అరగదీసేది గడ్డి. పీచు గల గడ్డిని దవడ పక్కలకు జరిపి నూరుతది, ఆ నూరుడుకే పళ్ళు సమానం ఉంటయి. గడ్డి తక్కువై మెత్తటి తిండి ఎక్కువైతే దవడ పళ్ళు మొనదేలి నాలుకను, బుగ్గను కోస్తయి. తిందామని ఉంటది, తినలేదు.

పొద్దున అత్తమ్మ కేక పెట్టిన సంగతి గూడ అడిగిన. తెల్లారకముందు అది మూతి తొడల మధ్య పెట్టి తన పెంట తానే తింటుంటే ఆమె కంట్ల పడ్డది. "ఛీ, దీన్ని ఇంట్ల ఉంచుతవా" అన్నది. పిలగాడు నవ్వి చెప్పిండు. పెంట రెండు రకాలు. పగలు పడేది గుండ్రటి గట్టి పెంటిక, శనగ గింజంత, వాసన లేదు. రెండోది నల్ల ద్రాక్ష గుత్తి లెక్క మెత్తగ, జిగటగ వస్తది. అది నిజంగ పెంట కాదు. లోపల అంధనాళంలో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి తయారు చేసిన మాంసకృత్తులు, బి విటమిన్లు అందులో ఉంటయి. దాన్ని కింద పడనీయకుండ మూతితోనే అందుకొని మింగుతది. అట్ల గడ్డి రెండుసార్లు కడుపు దాటి పోతది. ఎద్దు నెమరేసుకునేది ఇదే పని కోసం, దారి వేరు, అంతే. అత్తమ్మ అంతా విని "అయితే మంచిదే, గాని నా ముందట తినద్దని చెప్పు" అన్నది.

ఏప్రిల్ 21, ఆదివారం

గడ్డి దొరుకుడే కష్టంగ ఉన్నది. ఊరి నిండా వరి పొలాలు, గెట్ల మీద గరిక పచ్చగనే ఉంటది. అయితే ఆ గెట్ల మీద గడ్డిమందు కొట్టనోడు లేడు. మందు కొట్టిన మరునాడు గూడ గరిక పచ్చగనే కనబడతది, అదే మోసం. మా మరిది పొలం గెట్టు మీద ఈ ఏడు మందు కొట్టద్దని చెప్పిన. "నీ కుందేలు కోసం కలుపు నేను కొడవలితో కోయాల్నా వదినా" అన్నడు. కోస్తున్నడు.

ఎండబెట్టుడు నీడలోనే. ఎండలో వేస్తే తెల్లబారి పోషకం పోతది, తడి మీద కుప్పేస్తే బూజు పడతది. బూజు గడ్డి కన్న ఉపాసం మేలు. వెనకింటి వరండాలో పాత నులక మంచం మీద పలుచగ పరిచి, పూటకోసారి తిరగేస్తున్న. ఎండిన గరిక చేతిలో నలిపితే తియ్యటి వాసన రావాలె. వరిగడ్డి మాత్రం మస్తుగున్నది. తింటది గాని దానిలో సత్తువ లేదు, పరుపుకు వాడుతున్న. పోలాస వ్యవసాయ పరిశోధన స్థానం దిక్కు పోయినప్పుడు పశుగ్రాసం విత్తనం అడగమని మరిదికి చెప్పిన, దశరథ గడ్డి పెరట్లో రెండు సాళ్ళు వేస్తే ఏడాది ఢోకా ఉండదు.

దినసరి లెక్క ఇట్ల పెట్టుకున్న. దాని ఒళ్ళంత కుప్ప ఎండు గడ్డి, ఎప్పుడూ ముందర ఉండాలె. తినే దాంట్లో నూటికి 80 వంతులు అదే. పొద్దున మాపున గుప్పెడు ఆకు: కొత్తిమీర, పుదీన, మెంతి, ముల్లంగి ఆకు, మార్చి మార్చి. పాలకూర, గంగవాయిల కూర ఎప్పుడన్న నాలుగు ఆకులు, వాటిలో ఆక్సలేట్లు ఎక్కువ. క్యారెట్ ముక్క వారానికి ఒకటో రెండో. బొమ్మల పుస్తకాల్లో కుందేలు చేతిలో క్యారెట్టే గీస్తరు, అది చక్కెర ఎక్కువున్న దుంప. ఉల్లి, ఎల్లిగడ్డ, ఆలుగడ్డ, అన్నం, బిస్కట్, చాక్లెట్... వీటి పేర్లు రాసి తలుపుకు అంటించిన. బిడ్డ కింద ఎర్ర స్కెచ్చుతో 'అమ్మ గూడ పెట్టొద్దు' అని రాసింది.

మలమూత్రాల సంగతి తేలికైంది. అది తానే ఒక మూల ఎంచుకున్నది. ఆ మూలకు ప్లాస్టిక్ తట్ట పెట్టి, అడుగున పేపర్లు, మీద వరిగడ్డి వేసి, పక్కకు తినే గడ్డి గుత్తి గోడకు కట్టిన. తింటూ పోసుకునే అలవాటు గనుక గడ్డి ఎక్కడ ఉంటే దొడ్డి అక్కడ. బయట పడే పెంటికలు చీపురుకు వస్తయి. నిన్న మూత్రం ఎర్రగ కనబడి గుండె జల్లుమన్నది. నెత్తురు కాదట, ఆకుల్లోని రంగు. అడ్డగోలుగ, మరకలు మరకలుగ వస్తే, లేకుంటే పోసేటప్పుడు ఒళ్ళు బిగబట్టుకుంటే అప్పుడు అనుమానపడాలె.

మే 2, గురువారం

సెలవులొచ్చినయి, ఎండ గూడ వచ్చింది. జిల్లాలో 45 దాటిందని టీవీలో చెప్పిన్రు. బావి మోటరు పైపు ముట్టుకుంటే కాలుతున్నది.

కుందేలుకు చెమట పట్టదు. కుక్క లెక్క నాలుక వేలాడేసుకొని ఒగర్చి చల్లబడుడు గూడ దానికి పెద్దగ చేతగాదు. ఉన్నవి చెవులే. చెవి వెనక నుంచి లైటు పెట్టి చూస్తే నరాలు పటం గీసినట్టు కనబడతయి, ఎండ పూట అవి ఉబ్బి ఎర్రగయితయి. లోపలి వేడిని ఆ పలుచటి చర్మం మీద నుంచి గాలికి వదులుతది. బయటి గాలే ఒంటి కన్న వేడిగుంటే చెవులేం చేస్తయి? 15 నుంచి 20 డిగ్రీల మధ్య దానికి హాయి, 30 దాటిన కాడ్నుంచి కష్టం. దాని పుట్టిల్లు స్పెయిన్, పోర్చుగల్ దిక్కు. అక్కడ గూడ పగలు నేల కింద బొరియలో ఉండే జీవి. మన దేశంలో కేంద్ర గొర్రెలు-ఉన్ని పరిశోధన సంస్థ దక్షిణాదిలో కుందేళ్ళను పెంచేది కొడైకెనాల్ పైన మన్నవనూరులో, ఆ కొండ చలిలో. సంతల్లో అమ్మే తెల్ల కుందేళ్ళు ఎక్కువ మట్టుకు మాంసానికి, బొచ్చుకు పెంచిన జాతుల సంతానమే. వాటిని సైకిల్ మీద జాలిలో పెట్టి ఈ ఎండలో అమ్ముతున్నం మనం.

చేసింది ఇది. కిటికీకి తడి గోనెపట్ట కట్టి గంటకోసారి నీళ్ళు చల్లుడు. కూలర్ గాలి దాని మీదికి కాకుండ గోడ మీదికి తిప్పుడు, పొద్దంతా తలుపు తెరిచి ఉంచుడు, లేకుంటే తేమ పెరిగి ఉక్కపోస్తది. ఫ్రిజ్‌లో నీళ్ళ సీసాలు గడ్డకట్టించి పాత బనీన్లో చుట్టి పండుకునే కాడ పెట్టుడు. మొదటి పూట దూరం జరిగింది, మధ్యాహ్నానికి దానికే పొట్ట ఆనించి పండుకున్నది. మాటిమాటికి చెయ్యి తడిపి చెవులు తుడుస్తున్న. చల్ల నీళ్ళల్ల ముంచుడు మాత్రం లేదు, ఆ దెబ్బకు గుండె ఆగిపోతదట. నోరు తెరిచి ఎగశ్వాస, మూతి తడి, ఒళ్ళు వాలిపోవుడు: ఈ మూడిట్ల ఏది కనబడ్డా డాక్టరు దగ్గరికే.

కరెంటు పోయినప్పుడు స్లాబు ఇంట్లో మేము ఉండలేకపోయినం. అత్తమ్మ చాపేసుకొని వెనకింట్లకే వచ్చింది. తర్వాత బిడ్డ. తర్వాత నేను. మల్లి మా మధ్య నుంచి దూరి తన సీసా దగ్గరికి పోయింది. "ఆఖరుకు మనమే దాని ఇంటికొచ్చినం" అన్నది అత్తమ్మ.

నీళ్ళు రెండింతలు తాగింది. తిండి తక్కువ. పెంటికలు కొంచెం చిన్నగున్నయి, ఎండే కారణం కావచ్చు. చూడాలె.

మే 7, మంగళవారం

సాయంత్రం గాలిదుమారం, వాన. పెంకుల మీద చినుకులు పడంగనే మల్లి వెనక కాళ్ళతో నేలను ధబ్ ధబ్‌మని తన్నింది. ఇంత చిన్న జీవి నుంచి అంత చప్పుడు వస్తదని అనుకోలే. బొరియలోని మిగతా వాటికి ప్రమాదం చెప్పే పద్ధతి అది. ఇక్కడ మిగతా వాళ్ళం మేమే. బిడ్డ పోయి దగ్గర కూర్చున్నది, ఎత్తుకోలేదు, కూర్చున్నది అంతే. భయపడ్డప్పుడు ఎత్తుకుంటే పట్టుకున్నట్టే అనుకుంటదని ఆమెకు ఇప్పుడు తెలుసు.

మల్లి లాంటి ఎర్ర కండ్ల కుందేలుకు చూపు అంతంతే. రంగు పదార్థం లేదు గనుక వెలుతురు ఓర్వదు. తల మెల్లగ ఇటు అటు ఊపి దూరం అంచనా వేస్తది. కండ్లు తలకు రెండు పక్కల ఉన్నందుకు వెనక, పైన గూడ చూస్తది గాని ముక్కు ముందర ఉన్న కొత్తిమీర కాడ మాత్రం కానరాదు, మీసాలతో, పెదవులతో వెతుక్కుంటది. గద్ద కోసం పెట్టుకున్న కండ్లు అవి, తిండి కోసం కాదు.

మే 14, మంగళవారం

ఎన్నికల డ్యూటీకి 12న పొద్దున పోయిన. ఎండకని పోలింగ్ గంట పెంచి సాయంత్రం 6 దాకా చేసిన్రు. మిషన్లు అప్పజెప్పి ఇంటికి చేరేసరికి 13 అర్ధరాత్రి దాటింది. బట్టలు మార్చకముందే వెనకింట్లకు పోయిన. గడ్డి పెట్టింది పెట్టినట్టే ఉన్నది. మూల తట్టలో పెంటికలు నాలుగంటే నాలుగు, ఆవగింజకు కొంచెం పెద్ద, వెంట్రుకలతో ఒకదానికొకటి అతుక్కొని. మల్లి గోడకు మూతి పెట్టి ఒళ్ళు ముడుచుకొని కూర్చున్నది. చెవులు చల్లగ. దగ్గరికి పోతే పళ్ళు కొరుకుతున్న చప్పుడు. సంతోషంగ ఉన్నప్పుడు గూడ మెల్లగ పళ్ళాడిస్తది, అది వేరు. ఇది గట్టిగ, ఆగి ఆగి వస్తది.

అత్తమ్మ చెప్పినవన్నీ చేసింది. ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలు ఏం పెట్టిన్రో, ఎంతసేపు తరిమిన్రో ఎవ్వరికీ తెలువదు. ఎండ గూడ తోడైంది. కుందేలు కడుపు ఎప్పుడూ నడుస్తూనే ఉండాలె. ఆగితే లోపల గాలి నిండి, నొప్పి పుట్టి, నొప్పికి తిండి మానేసి, తినక ఇంకా ఆగిపోతది. కక్కుకునే శక్తి దానికి లేదు, లోపల పోయింది ముందుకే పోవాలె. పన్నెండు గంటలు తినలేదంటే మనిషికి గుండె నొప్పి వచ్చినంత తొందర పడాలని పిలగాడు ముందే చెప్పి ఉన్నడు.

రాత్రి ఒంటిగంటకు ఫోన్ చేస్తే ఎత్తిండు. ఒళ్ళు చల్లబడ్డది గనుక గోరువెచ్చటి నీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టమన్నడు. సూది లేని సిరంజితో దవడ పక్క నుంచి చుక్క చుక్క నీళ్ళు, బలవంతంగ పోస్తే ఊపిరితిత్తుల్లకు పోతయి. తెల్లారగనే డాక్టరు. పొద్దున ఆరున్నరకు బండి మీద బయలుదేరినం. దారిలో ఒక మెడికల్ షాపు ముందర ఆగి ఓఆర్ఎస్ అడిగితే, విషయం విని కౌంటర్ మీది మనిషి "పసిపిల్లలకిచ్చే అమాక్సిసిలిన్ సిరప్పే అక్కా, రెండు చుక్కలు పొయ్యుండ్రి" అని సీసా చేతిలో పెట్టబోయిండు. పెన్సిలిన్ జాతి మందు నోట్లకు పోతే కుందేలు కడుపులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం చేసేవి పెరిగి, రోగం కన్న ముందు మందే చంపుతది. తీసుకోలేదు.

డాక్టరు పొట్ట తడిమిండు, చర్మం కింద సెలైన్ ఎక్కించిండు, నొప్పికి ఒక సూది, పేగులు కదిలేందుకు ఒక సూది వేసిండు. లోపల అడ్డం ఏం పడలేదు, కదలిక తగ్గింది అంతే అన్నడు. అడ్డం పడి ఉంటే పేగులు కదిలించే మందు ప్రమాదమట, అందుకే ముందు తడిమి చూసుడు.

సాయంత్రం కొత్తిమీర కట్ట మూతి దగ్గర పెడితే వాసన చూసింది, తినలే. గంటకోసారి వెనకింట్ల నడిపిస్తున్న. రాత్రి పదింటికి ఒక కాడ తిన్నది.

మే 15, బుధవారం

తట్టలో పెంటికలు పడ్డయి. చిన్నవే, గాని పడ్డయి. అత్తమ్మే ముందు చూసి నన్ను లేపింది. "పడ్డయి బిడ్డా" అని ఆమె చెప్పిన తీరు చూస్తే నా కన్న ఆమెకే ఎక్కువ భయం పట్టినట్టుంది. నెల కింద ఛీ అన్న మనిషి చేట పట్టుకొని లెక్కపెడుతున్నది.

మే 26, ఆదివారం

రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ అంటరు, ఈ ఏడు మధ్యలో వాన పడ్డది గనుక రోలు బతికింది.

పక్కింటి వదిన వచ్చింది. వాళ్ళ పిల్లలు ఏడుస్తున్నరట, ఒక ఆడదాన్ని కొనుక్కొచ్చి ఇక్కడ వదులుత, పిల్లలు పుట్టినంక పంచుకుందాం అన్నది. కుందేలుకు నెలనెలా ఎదకు రావాల్సిన పని లేదు, మొగది కలిసినంకనే అండం విడుదలైతది. 31 రోజులకు ఈత. బొచ్చు లేని, కండ్లు తెరవని పిల్లలు ఆరో ఏడో. ఈనిన రోజే మళ్ళ కడుపు కావచ్చు. "ఏడాది తిరిగేసరికి వాడకట్టు సరిపోదు వదినా" అన్న.

"ఎక్కువైతే పొలాల్ల వదిలేస్తే సరి, బతుకుతయి" అన్నది. బతకవు, వేటకుక్కకు ఒక్క రోజు పని. ఎక్కడన్న బతికితే ఇంకా ప్రమాదం. 1859లో ఆస్ట్రేలియా విక్టోరియాలో థామస్ ఆస్టిన్ అనే జమీందారు వేటాడుకునేందుకని రెండు డజన్ల కుందేళ్ళను ఎస్టేట్‌లో వదిలితే, అవి ఆ ఖండమే తిన్నయి, కంచెలు కట్టినా ఆగలేదు. మన చెల్కల్ల ఉరికే చెవులపిల్లి వేరు జాతి. అది బొరియ తవ్వదు, దాని పిల్లలు బొచ్చుతో, కండ్లు తెరిచే పుడతయి. 1972 వన్యప్రాణి చట్టం కింద దాన్ని పట్టుకునుడు నేరం. తెల్లదాన్ని ఎవరన్న పెంచుకోవచ్చు. ఇష్టం తీరినంక పారేయవచ్చని కాదు దాని అర్థం.

వదిన కొంచెం చిన్నబుచ్చుకున్నది. పోయేటప్పుడు వాళ్ళ కుక్కకు గోమార్ల మందు పోసినం, కొంచెం మిగిలింది, దీనికి పొయ్యి అని ఇచ్చింది. చీటీ చదివితే ఫిప్రోనిల్. కుక్కకు మందు, కుందేలుకు విషం. తిరిగి ఇచ్చేసిన, కారణం చెప్పి.

చెవుల లోపల చూసిన, శుభ్రంగున్నయి. గోర్లు పెరిగినయి, కత్తిరించాలె. తెల్ల గోరులో ఎర్ర నరం కనబడతది, దానికి ఇవతల.

జూన్ 9, ఆదివారం

మృగశిర వచ్చింది, నిన్న ఊరంతా చేపల వాసన. వెనకింటి పెంకులు చల్లబడ్డయి. మూడు రోజుల్లో బడులు తెరుస్తరు.

మల్లికి వయసొచ్చింది. కాళ్ళ చుట్టు గుర్రుగుర్రుమంటూ తిరుగుతున్నది, గడప, మంచం కోడు, అత్తమ్మ చెప్పు, అన్నిటికీ గదమ రుద్దుతున్నది. గదమ కింద గ్రంథులున్నయి, ఇది నాది అని ముద్రేసుడు. అక్కడి దాకా బాగుండె. మొన్నటి నుంచి గోడలకు, వడ్ల బస్తాలకు మూత్రం చిమ్ముతున్నది. మరిది "దీన్ని ఇగ బయట కట్టేద్దాం" అన్నడు. ఎక్కువ కుందేళ్ళు ఇండ్ల నుంచి బయటపడేది ఈ వయసులోనేనట. పిల్లప్పుడు ముద్దు, ఎదిగినంక వాసన. బాగ చూసుకుంటే పదేండ్లు బతికే జీవిని నాలుగో నెల చూసి లెక్క తేల్చేస్తే ఎట్ల?

ఆపరేషన్ చేయిద్దామని నిర్ణయించిన. కుందేళ్ళకు చేసిన అనుభవం ఉన్న డాక్టరు ఎవరని పిలగాడే అడిగి పెట్టిండు. మత్తు కొలత కుక్కకు, కుందేలుకు ఒకటి కాదు, అందుకే అనుభవం అడిగి పోవాలె. మా ఆయనకు చెప్తే ఒక నిమిషం ఏం మాట్లాడలే. తర్వాత "ఎంతయితది" అన్నడు. చెప్పిన. "కొన్నది మూడు వందలకు" అని నవ్విండు, "పంపుత" అన్నడు.

హెడ్మాస్టర్ సార్ ఫోన్ చేసిన్రు, మా కుందేలు సంగతి విన్నరట, బడిలో గూడ ఒక జాలి గూడు కట్టించి రెండు పెంచుదాం, పిల్లలకు జీవశాస్త్రం కండ్ల ముందర ఉంటది అన్నరు. నేను ఈ పుస్తకం మొదటి నుంచి తిరగేసిన. ఎండ పూట తడి గోనె ఎవరు కడతరు, ఆదివారం గడ్డి ఎవరు పెడతరు, దసరా సెలవుల్లో తట్టలో పెంటికలు పడ్డయా లేదా ఎవరు చూస్తరు? నూట యాభై మంది పిల్లలు జాలి లోపలికి వేళ్ళు పెడుతుంటే భయపడి ముడుచుకున్న జీవిని చూసి వాళ్ళు నేర్చుకునేదేంది? సార్‌కు వద్దనే చెప్పిన. బదులుగ ఈ లెక్క పుస్తకం తరగతికి తెస్త అన్న, ఒక జీవి ఏం తిన్నది, ఏం విసర్జించింది, ఎండకు ఏం మారింది, ఇవన్నీ గ్రాఫు గీస్తరు. ఆయన ఒప్పుకున్నరు గాని ఆయనకు గూడే నచ్చింది, గొంతులో తెలుస్తున్నది.

తేదీ 15, శనివారం. పొద్దున్నే పోవాలె. గడ్డి, కొత్తిమీర, మూకుడు, దానికి అలవాటైన గోనె పట్ట వెంట తీసుకపోవాలె, మెలకువ వచ్చినంక వెంటనే తినబెట్టేందుకు. ఇంకొకటి, మనుషులకు, కుక్కలకు ఆపరేషన్ ముందు కడుపు మాడుస్తరు, మత్తులో కక్కుతరని. ఇది కక్కదు, మాడిస్తేనే ప్రమాదం. పోయేదాకా గడ్డి ముందర ఉండాలె. అత్తమ్మకు ఇవ్వాళనే చెప్పి పెట్టాలె, లేకుంటే శుక్రవారం రాత్రి నుంచే దానితో ఒక్కపొద్దు పట్టిస్తది.